చిడతల మీద ఇంగ్లిష్ పాట

ఆ వేసవిలో నేను ఏడు ఇంగ్లిష్ పాటలు నేర్చుకున్నాను. ఒక్కదాంట్లోనూ మాటలకు అర్థం తెలియదు. ముప్పై ఏళ్లుగా ట్రంపెట్ ఊదుతున్నవాణ్ణి, అర్థాలతో నాకేం పని? పెళ్లికొడుకు గుర్రం మీద ఉంటే ఒక పాట, దిగితే ఇంకో పాట. అంతే. కానీ ఈ ఏడూ నేర్చుకునే రోజుల్లో ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. "జెర ఆపుతవా, సీరియల్ ఇనబడ్తలేదు" అని కసురుకునే మనిషి జోగిపేటలో కూర్చుంది. అందుకే అవి నన్ను అంతగా పట్టుకున్నాయేమో.

ఆ మనిషి ఇందిరమ్మ, నా భార్య. మాకు పిల్లలు లేరు. పటాన్‌చెరులో రెండు గదుల కిరాయి ఇల్లు. నేను మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర షిఫ్టు చేస్తాను. పెళ్లిళ్ల కాలం వస్తే అబ్దుల్ కరీం భాయ్ బ్యాండులో ఊదుతాను. ఫ్యాక్టరీలో నన్ను బాయిలర్ ఐలన్న అంటారు, బజార్లో బాజా ఐలన్న అంటారు. ఇంట్లో ఇందిరమ్మ ఏమండీ అనదు, పేరూ పిలవదు. "ఇగో" అంటుంది. ఆ ఇగో కోసం నాలుగు నెలలు చెవులు రిక్కించుకొని బతికాను.

మాఘమాసంలో మా అత్తమ్మ నాగరత్నం పోయింది. ఇందిరమ్మ ముందే జోగిపేటలో తల్లి దగ్గరుంది. ఆ పొద్దున నేను సంగారెడ్డిలో ఒక పెళ్లి బరాత్‌లో ఉన్నాను. ఊదేటప్పుడు అందరి ఫోన్లూ ఒక సంచిలో వేసి వ్యాన్‌లో పెట్టడం మా పద్ధతి. బరాత్ అయ్యాక తీసి చూస్తే ఇందిరమ్మవి పదకొండు కాల్స్. ఒక ఆటోవాణ్ణి బతిమాలి, ఒంటి మీద బట్టలతోనే జోగిపేటకు పరుగెత్తాను. ఒంటి మీద బట్టలంటే ఎర్ర కోటు. బంగారు రంగు అంచు, ఇత్తడి గుండీలు, భుజాల మీద కుచ్చులు.

కరీం భాయ్ దుకాణంలో ఒక పట్టింపు ఉంది. ఎర్ర కోటు పెళ్లిళ్లకే. చావు మేళానికి తెల్ల చొక్కాలతో పోవాలి. చావింటికి పోయిన కోటు మళ్లీ పెళ్లిపందిట్లోకి రాకూడదు. ఆటో దిగి, మా అత్తమ్మ వాళ్ల గల్లీ మూల మీదికి వచ్చాకగానీ నాకు ఆ కోటు గుర్తుకు రాలేదు. గబగబా విప్పేసి, ట్రంపెట్‌ను అందులో చుట్టి, వెనక ఆగి ఉన్న ఆటోలో పడేసి, లోపలి చొక్కాతో గల్లీలోకి నడిచాను. అప్పటికే పాడె ఎత్తారు. నేను మూల తిరగగానే డప్పులు ఆగిపోయాయి. అందరూ నా వైపే చూశారు. కోటు చూసేశారన్నమాట అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. కాసేపటికి డప్పులు మళ్లీ మోగాయి. తలవంచుకొని అందరి వెనక నడిచాను.

దినాలయ్యాక సంచి సర్దుకుంటుంటే ఇందిరమ్మ అంది, "నువ్వు పో. నేను ఇక్కడనే ఉంట."

"ఎన్ని రోజులు?"

"ఇల్లు కాళీగ ఉండొద్దు. దీపం పెట్టాలె."

"కోపమొచ్చిందా?"

"ఏం లేదు. పో, బస్సు ఎల్లిపోతది."

ఏం లేదు అంటే ఏదో ఉందని పాతికేళ్ల కాపురం చేసినవాడికి తెలియదా? కోటే. చావింటికి పెళ్లి కోటు వేసుకొని వచ్చిన అల్లుడు. నేనే ఆమె స్థానంలో ఉంటే నన్ను గడప తొక్కనిచ్చేవాణ్ణి కాదు.

పటాన్‌చెరు ఇంట్లో ఆమె చెప్పులు గుమ్మం పక్కన అట్లాగే ఉన్నాయి. వాటిని తీసి లోపల పెట్టాలని రోజూ అనుకునేవాణ్ణి, పెట్టలేదు. ఒక గ్లాసు బియ్యం ఎంత వండినా సగం మిగిలేది. షిఫ్టు నుంచి వచ్చి తాళం తీసేటప్పుడు, ఆ తాళం చప్పుడు వినాలంటే నాకు భయంగా ఉండేది. బాయిలర్ రోజంతా చెవిలో హోరెత్తుతుంది, అది నయం. ఆదివారాలు ఫోన్ చేసేవాణ్ణి.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"తిన్న. బీపీ గోలి ఏస్కుంటున్నవా?"

"ఏస్కుంటున్న. ఎప్పుడొస్తవ్?"

"చూస్త."

చూస్త అని ఫోన్ పెట్టేసేది. వారానికి ఆ నాలుగు మాటలే నాకు దక్కేవి.

ఉగాది దాటాక ఒక మధ్యాహ్నం కరీం భాయ్ కబురు పెట్టాడు. దుకాణానికి పోతే ఒక అమ్మాయి కూర్చొని ఉంది, పేరు రుచిత. మా పక్క ఫ్యాక్టరీలో ల్యాబులో పని. వైశాఖంలో పెళ్లి, ముత్తంగిలో ఫంక్షన్ హాల్. చేతిలో పెన్‌డ్రైవ్ పట్టుకొని ఉంది.

"డీజే పెట్టుకోక ముసలోళ్లతోని ఏం పని బిడ్డా?" అన్నాను. కుర్రకారంతా డీజేల వెంట పడ్డాక నా నోరు అట్లాగే తయారైంది.

"మా నాన్న మీ బ్యాండు రోడ్డు మీద కనబడితే స్కూటర్ ఆపి మరీ చూసేటోడు అంకుల్. పోయి రెండేండ్లయింది. ఆయనకు పాత ఇంగ్లిష్ రాక్ పాటలంటే పిచ్చి. ఇల్లంత గిటార్లు, అరుపులు. అవ్వి నా పెండ్లిల ఉండాలె."

"ఉంటె పెన్‌డ్రైవ్ డీజేకు ఇయ్యరాదు?"

ఆ పిల్ల పెన్‌డ్రైవ్‌ను వేళ్ల మధ్య తిప్పింది. "ఆ పాటలు నేను ఇనలేను అంకుల్. మొదలుకాంగనే నాన్న యాదికొస్తడు, ఏడ్పొస్తది. మొన్న ఇవి దొరికినయి. క్యూబా దేశపోళ్లు అవే పాటలను వాళ్ల పాత పద్ధతిల పాడిండ్రు. సోన్ అంటరు, బొలేరో అంటరు. గిటార్ల జాగాల ట్రంపెట్ ఉన్నది. పాట అదే, బాధ అదే, గని కాళ్లు ఊకుంటలేవు. ఇట్లయితే నేను పెండ్లిల ఏడ్వకుంట నిలబడగలుగుత."

కరీం భాయ్ పెన్‌డ్రైవ్‌ను పాటల డబ్బాకు తగిలించాడు. రెండు పాటలు విన్నాం. నేను వందల బరాత్‌లు ఊదినవాణ్ణి, నా కాలు ఆ పాటలో ఎక్కడ పడాలో తెలియక గాల్లోనే ఉండిపోయింది. కరీం భాయ్ మాత్రం కళ్లు మూసుకొని మోకాలి మీద వేళ్లు ఆడించాడు.

"అరె, గీ దెబ్బ మా అరబ్బోళ్ల మర్ఫా డోళ్ల దెబ్బకు చుట్టమే. నా చిన్నప్పుడు పాతబస్తీ బార్కస్‌ల కొట్టిన" అన్నాడు. ఆపైన నన్ను చూసి, "ఒప్పుకో ఐలన్నా. ఇంట్ల గోడలు చూస్కుంట కూసునేకంటే నయం" అన్నాడు.

ఒప్పుకున్నాను. ఇంట్లో ఊదితే కింది వాటావాళ్లు తలుపు కొట్టేవారు. అందుకని రాత్రి షిఫ్టు దిగిన పొద్దున్నే ముత్తంగి పోయి, రింగు రోడ్డు వంతెన కింద నిలబడి ఊదేవాణ్ణి. పైన లారీల మోతలో నా తప్పులు ఎవరికీ వినిపించవు. ఫోన్‌లో పాట, ఒక చెవిలో తీగ, నోట్లో ట్రంపెట్. వారం గడిచినా లయ చిక్కలేదు. ఆ పాటల్లో వెనక ఎక్కడో రెండు కట్టె ముక్కలు టక్ టక్ మంటూ ఉంటాయి. మూడు దెబ్బలు వదులుగా, రెండు దెబ్బలు బిగువుగా. మిగతా వాయిద్యాలన్నీ ఆ కట్టెల మాటే వింటాయి. నేను నా కాలి లెక్క పెట్టుకొని దూరిపోయేవాణ్ణి, ప్రతిసారీ అరదెబ్బ ముందు పడేవాణ్ణి. చీ, నీ బతుకు అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఒక పొద్దున ఆ కట్టెల చప్పుడు వింటుంటే ఉన్నట్టుండి మా అత్తమ్మ కళ్ల ముందుకొచ్చింది. చిడతలు! జోగిపేట శనివారం భజనలో ఆమె చేతిలో పలికే చిడతలు. హార్మోనియం ఆయన ఒక దారిన, తబలా ఆయన ఒక దారిన పోతుంటే మధ్యలో ఆమె చిడతలు కొట్టి ఇద్దరినీ ఒక చోటికి తెచ్చేది. కొత్త అల్లుణ్ణి కదా అని మొదటిసారి నేనూ భజనలో ఊదబోతే చెయ్యెత్తి ఆపింది. "కాలుతోని లెక్కపెట్టకు అల్లుడా. దెబ్బకు జెర జాగ ఇడ్సిపెట్టు. దాన్ని రానియ్యి, అప్పుడు ఊదు."

ఆ మాట తలచుకొని ఊదాను. దెబ్బకు జాగా ఇచ్చాను. పాట నన్ను లోపలికి రానిచ్చింది.

అత్తమ్మ నోరు ఊరుకునేది కాదు. ఒకసారి భజన అయ్యాక అందరి ముందూ అంది, "నేను పోయిన్నాడు నువ్వే ఊదాలె అల్లుడా. గా ఎర్ర కోటేస్కొని, మంచిగ పెండ్లి పాట ఊదాలె. ఏడ్పు పాట ఊదినవనుకో, లేచి కూసుంట సూడు." ఇందిరమ్మతో సహా అందరం కడుపు పట్టుకొని నవ్వాం. వంతెన కింద ఆ మాట గుర్తొచ్చి నేనొక్కణ్ణే నవ్వాను. పైన లారీలు పోతూనే ఉన్నాయి.

పాటలు కుదిరాయి. కానీ ఆ కట్టెల చప్పుడు లేకుండా అవి నిలబడవు. ఆదివారం ఫోన్‌లో, నాలుగు మాటలూ అయ్యాక, గొంతు సవరించుకొని అడిగాను.

"అత్తమ్మ చిడతలు ఉన్నయా?"

"ఎందుకు?"

"ఒక పెండ్లిల పాటకు కావాలె."

కోటు చాలదన్నట్టు ఇప్పుడు చిడతలు కూడానా అనుకుంటుందేమో అని నాలుక కరుచుకున్నాను.

"చూస్త" అని పెట్టేసింది.

మూడోనాడు పటాన్‌చెరు బస్టాండు నుంచి ఒక డ్రైవర్ ఫోన్ చేశాడు. జోగిపేటలో ఒకామె బస్సులో ఒక మూట ఇచ్చి పంపిందట. ఉరికి పోయి తీసుకున్నాను. పాత చీర ముక్కలో చుట్టిన చిడతలు. నూనె రాసి తుడిచి ఉన్నాయి. ముడి విప్పి, గుడ్డ దులిపి, మాటేమైనా రాసి పెట్టిందేమో అని వెతికాను. ఏమీ లేదు. ఆ చీర ముక్కను మడిచి దిండు కింద పెట్టుకున్నాను. యాభై మూడేళ్లవాణ్ణి, ఎవరైనా చూస్తే నవ్వుతారు. చూసేవాళ్లెవరున్నారు గనక?

పెళ్లి రోజు సాయంత్రం ఫంక్షన్ హాల్ మెట్ల మీద ఎర్ర కోట్లతో వరస కట్టాం. చిడతలు కరీం భాయ్ చేతిలో.

"అల్లా మియా! అరవై ఆరేండ్లకు నన్ను భజన మనిషిని చేసినవు గదరా" అని గొణుగుతూనే మొదటి దెబ్బ కొట్టాడు. సరిగ్గా పడింది.

మూడో పాట రుచిత నడిచి వచ్చేటప్పుడు ఊదాలి. దాని సంగతి ఆ పిల్ల ముందే చెప్పింది. ఒకడు తనవాళ్ల ఇంటి తలుపు దాకా పోతాడట. లోపల దీపం కనబడుతుందట. తలుపు కొట్టకుండానే తిరిగి వస్తాడట. అంత దుఃఖం పాటకు క్యూబా వాళ్లు నడుము ఊగే దెబ్బ పెట్టారు. ఊదుతుంటే ఆ తిరిగొచ్చేవాడు నేనే అనిపించింది. పిల్లేమో తల్లి చెయ్యి పట్టుకొని, ఒక్కో దెబ్బకు ఒక్కో అడుగు వేస్తూ, తలెత్తి నవ్వుతూ వచ్చింది. తల్లి మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత రుచిత మా దగ్గరికి వచ్చింది. "ఏడ్వలే అంకుల్, చూసిండ్రా?" అంది. ఆ మాట అంటూ ఏడ్చేసింది.

నేను బిర్యానీ ప్లేటు పట్టుకొని ఒక మూలకు పోయి తిన్నాను. చుట్టూ వెయ్యి మంది ఉన్నారు. ఇట్లా జరిగిందని చెప్పుకోవడానికి నాకు కావలసిన ఒక్క మనిషి అక్కడ లేదు.

చిడతలు తిరిగి ఇవ్వాలన్న వంక దొరికింది. ఆ వారమే జోగిపేట పోయాను. ఈసారి తప్పు చేయదలచుకోలేదు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాను. కోటు కరీం భాయ్ దుకాణంలో, ట్రంపెట్ ఇంట్లో పెట్టి, చిడతలు మాత్రం అదే చీర ముక్కలో చుట్టి పట్టుకెళ్లాను.

ఇందిరమ్మ చిక్కింది. అరుగు మీద మామిడికాయలు కోస్తోంది. నన్ను చూసి కత్తిపీట పక్కకు జరిపి నీళ్లిచ్చింది. చిడతలు తీసుకొని ఒళ్లో పెట్టుకుంది.

"మంచిగ పలికినయా?"

"మస్తు పలికినయి. ఇంగ్లిష్ పాటకు ఇందిరా! క్యూబా అని దేశం ఉన్నదట, గాడ గూడ గిట్లనే కొడ్తరట."

"ఊది సూపెట్టు."

"బాజా తేలే."

"ఎందుకు తేలే?"

"ఏడాది తిరగలే గదా, గీ ఇంట్ల బాజా ఎట్ల ఊదుత?" నీళ్ల గ్లాసు కింద పెట్టాను. నాలుగు నెలలు మోసిన మాట అప్పుడు బయటికొచ్చింది. "మాఫ్ చెయ్యి. గా దినం ఆగమాగంల ఎర్ర కోటుతోనే వచ్చిన. మూల మీద యాదికొచ్చి ఇప్పేసిన. నువ్వు చూసినవని తెలుసు."

"చూసిన." ఆమె నా వైపు చూడలేదు, చిడతల వైపు చూస్తూ చెప్పింది. "మిద్దె మీదికెల్లి చూసిన. కోటేస్కొని ఆటో దిగినవు, చేతుల బాజా ఉన్నది. అమ్మ చెప్పినట్టే వచ్చిండు అనుకున్న. ఉరుక్కుంట కిందికొచ్చి డప్పులోళ్లను ఆపిన. మా ఆయన వచ్చిండు, మా అమ్మకు ఆయన ఊదుతడు, జెర ఆగుండ్రి అన్న. పాడె ఎత్తినోళ్లు ఎత్తినట్టే నిలబడ్డరు. అందరు నీ దిక్కే చూసిండ్రు."

నేను నా చేతుల వైపు చూసుకున్నాను.

"నువ్వు వట్టి చేతులతోని వచ్చినవు. తల ఒంచుకొని ఎనకకు పోయి నిలబడ్డవు. ఇగ కొట్టుండ్రి అని నేనే చెప్పిన."

"ఇందిరా, నేను..."

"ఇయ్యాల గూడ వట్టి చేతులతోనే వచ్చినవు" అంది. కత్తిపీట దగ్గరికి లాక్కొని మళ్లీ మామిడికాయ కోసింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని వచ్చాను. ఆగిపోయిన డప్పులు దారి పొడుగునా నా చెవిలో ఉన్నాయి. అందరూ చూసింది నా కోటును కాదు. నేను ఊదుతానని చూశారు. అత్తమ్మ ఆనాడు భజన అయ్యాక చెప్పిన మాటను నేను నవ్వి వదిలేశాను. నాతోపాటు నవ్విన ఆమె కూతురు మాత్రం దాన్ని నిజంగానే పట్టుకొని ఉంది. సంగారెడ్డి వచ్చేదాకా తల పైకెత్తలేకపోయాను.

మర్నాడు కరీం భాయ్‌కి అంతా చెప్పి, అత్తమ్మ సమాధి దగ్గర ఊదడానికి కోటు అడిగాను.

"బొందలగడ్డకు పోతె గా కోటు ఇగ పెండ్లిళ్లకు నడ్వది, తెలుసు గదా?"

"తెలుసు భాయ్."

కరీం భాయ్ లేచి, కోటు తీసి, దుమ్ము దులిపి, ఊడిపోబోతున్న గుండీని పంటితో దారం తెంపుతూ తనే కుట్టాడు. "మా దిక్కు చావుకు బాజా నడ్వది. గని నేను పోయిన్నాడు నువ్వు గిదే ఏస్కొని రోడ్డవతల నిలబడు. ఊదకున్నా మంచిదే" అన్నాడు.

మృగశిర కార్తె తర్వాత వచ్చిన ఆదివారం. వస్తున్నానని ఫోన్‌లో చెప్పాను. ఎట్లా వస్తున్నానో చెప్పలేదు, ఆమె అడగలేదు. తొలకరి జల్లుల్లో, నిండు బస్సులో, ఎర్ర కోటు వేసుకొని ఒళ్లో ట్రంపెట్ పెట్టుకొని కూర్చున్నాను. బస్సంతా నన్నే చూసింది. చూడనీ. ఈసారి జోగిపేటలో దిగి మూల మీద ఆగలేదు. గల్లీ మధ్యలోంచి నడిచాను.

ఇందిరమ్మ అరుగు మీదే నిలబడి ఉంది. నన్ను పై నుంచి కింది దాకా చూసింది. చిడతలు చేతిలోకి తీసుకొని, ఒక సంచి భుజానికి తగిలించుకొని, తలుపుకు తాళం వేసింది. సంచిలో కొబ్బరికాయ, అగరబత్తులు ఉంటాయనుకున్నాను.

బొందలగడ్డలో అత్తమ్మ మట్టి మీద అప్పుడే పచ్చిక మొలుస్తోంది.

"ఏం పాట?" అంది.

"గా ఇంగ్లిష్ పాటనే."

"అమ్మకు ఇంగ్లిష్ రాదు."

"నాకు గూడ రాదు."

ఆమె పెదవి కొసన చిన్న నవ్వు కదిలింది. మాఘం తర్వాత నేను చూసిన మొదటి నవ్వు. చిడతలు కొట్టడం మొదలుపెట్టింది, భజన దెబ్బ. దాని మీద మూడో పాట ఎత్తుకున్నాను. మొదటి చరణం ఇద్దరం చెరో దారిన పోయాం. రెండో చరణంలో ఆమె చెయ్యి ఆగి, వెతుక్కొని, తల్లి చెయ్యి పడే చోట పడింది. మూడు వదులుగా, రెండు బిగువుగా. ఎవరూ నేర్పలేదు. పాట సగంలో నాకు ఏడుపొచ్చింది, చెప్పడానికి సిగ్గేముంది? ఏడుస్తూ ట్రంపెట్ ఊదలేం, పెదవి నిలవదు. ఆగిపోయాను. ఆమె ఆపలేదు. నేను మళ్లీ అందుకునేదాకా చిడతలు కొడుతూనే ఉంది.

వాన పెద్దదైంది. తడిసిన కోటుతో బస్టాండుకు నడిచాను, నన్ను బస్సెక్కించడానికి ఆమె కూడా వచ్చింది. ఉండమని ఆమె అనలేదు, రమ్మనడానికి నాకు నోరు రాలేదు. పటాన్‌చెరు బస్సు వచ్చింది. నేను ఎక్కి కూర్చున్నాను. ఆమె కిటికీ కింద నిలబడింది.

కండక్టర్ నా కోటు చూసి నవ్వాడు. "ఏ ఊర్ల పెండ్లి పెద్దాయనా? గింత వానల?"

నేను నోరు తెరిచేలోపు కింది నుంచి ఇందిరమ్మ జవాబిచ్చింది. "పెండ్లి గాదు. ఇయ్యాల మా అమ్మను సాగనంపినం."

కండక్టర్ నవ్వు ఆపి, గమ్మున నాకు టికెట్ కొట్టి ఇచ్చాడు. బస్సు కదలబోతోంది.

"ఇగో" అంది ఇందిరమ్మ.

నేను తల బయటికి పెట్టేసరికి ఆమె కిటికీ దగ్గర లేదు. మెట్లెక్కి లోపలికి వచ్చి, నా పక్కన కూర్చొని, ఒళ్లో ఉన్న సంచి విప్పింది. లోపల కొబ్బరికాయ లేదు. రెండు చీరలు, ఆ పైన ఆడవాళ్ల ఉచిత టికెట్‌కు చూపించే ఆధార్ కార్డు ఉన్నాయి. పొద్దున తాళం వేసేటప్పుడే పెట్టుకుంది.

కార్డు కండక్టర్‌కు చూపించి, "పటాన్‌చెరు" అంది.